బ్రైటన్ బాటలో వృద్ధ రథాలు

పాతబడినకొద్దీ విలువ పెరిగే వస్తువులు లోకంలో బహు తక్కువ. జాడీలోని చింతకాయ పచ్చడి, పనసకొయ్య వీణ, అటకమీది తాళపత్ర గ్రంథం - ఇట్టివాటికి వయస్సు వన్నె తెస్తుంది. యంత్రానికి మాత్రం ఆ భాగ్యం లేదని లోకాభిప్రాయం. యంత్రం ముసలిదైనదంటే దానికి మిగిలిన గతి పాత ఇనుప సామాను కొట్టే. తూకం వేసి, కరగించి, మరొక యంత్రంగా పోతపోయడమే దాని పునర్జన్మ. ఈ అభిప్రాయాన్ని ఒప్పుకొనని కొందరు ఇంగ్లండు దేశంలో దాదాపు నూరేండ్లుగా ఏడాదికొక పర్యాయం తమ వాదాన్ని రోడ్డుమీదనే రుజువు చేస్తున్నారు.

ఏటా నవంబరు మాసపు మొదటి ఆదివారంనాడు, సూర్యోదయవేళకు, లండన్ నగరంలోని హైడ్ పార్కులో కొన్ని వందల మోటారుబండ్లు బారులు తీరుతవి. 1905 జనవరి 1వ తేదీకి ముందు పుట్టిన బండికే ఆ బారులో చోటు. వాటి ఆకారాలు నేటి కంటికి వింత గొలుపుతవి. కొన్నింటికి మూడే చక్రాలు. కొన్నింటికి స్టీరింగు చక్రం లేదు. దానికి మారుగా పడవ చుక్కానివంటి కమ్మీ ఒకటి ఉంటుంది. కొన్నింటిలో ప్రయాణికులు బండి నడిపేవానికి ఎదురుగా, వానివైపు మొగం పెట్టి కూర్చుంటారు. పాపం, ఆయన వారి టోపీలమీదుగా దారి చూచుకోవలె. పైకప్పు ఉన్న బండి అరుదు. ముందు అద్దం ఉన్నది మరీ అరుదు. నవంబరు చలికి, వానకు ఉన్నికోట్లు, తోలు టోపీలే దిక్కు. సుమారు అరవై మైళ్ళ దూరాన సముద్రతీరాన ఉన్న బ్రైటన్ పట్టణం వారి గమ్యం. ఇది పందెం కాదు. ముందు చేరినవానికి ప్రత్యేకమైన బహుమానం లేదు. పైగా సగటున గంటకు ఇరవై మైళ్ళకు మించి పోరాదని నిబంధన. సాయంకాలంలోగా చేరిన ప్రతి బండికీ ఒక పతకం. చేరలేనిదానికి త్రోవప్రక్కన జనం చేసే ఓదార్పు.

ఈ యాత్రకు మూలం ఒక ఎర్రజెండా.

రోడ్లమీద ఆవిరి యంత్రాలు తిరుగనారంభించిన రోజులలో, 1865వ సంవత్సరంలో, బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసినది. గుర్రం లేకుండ నడిచే ఏ బండి అయినా పల్లెపట్టున గంటకు నాలుగు మైళ్ళు, పట్టణాలలో రెండు మైళ్ళు మించి పోరాదు. బండిని నడపడానికి ముగ్గురు మనుష్యులుండవలె. వారిలో ఒకడు ఎర్రజెండా పట్టుకొని అరవై గజాల ముందుగా నడచి, ఎదురువచ్చే గుర్రాలను, మనుష్యులను హెచ్చరించవలె. 1878లో దీనిని సవరించి, అరవై గజాలను ఇరవై చేసినారు. జెండా సంగతి స్థానికాధికారులకు విడిచిపెట్టినారు. అయినా ముందు మనిషి నడువక తప్పలేదు. మనిషి నడకకు మించి పోలేని బండిని ఎవరు కొంటారు? ఫ్రాన్సులోను జర్మనీలోను మోటారు పరిశ్రమ కొమ్మలు వేస్తుంటే ఇంగ్లండులో అది మొలకదశలోనే కుంటుపడినది. చివరకు 1896 నవంబరు 14వ తేదీన క్రొత్త చట్టం అమలులోకి వచ్చినది. ముందు నడిచే మనిషి తొలగిపోయినాడు. గంటకు పదునాలుగు మైళ్ళవరకు పోవచ్చునని చట్టం అనుమతించినది. అధికారులు దానిని పన్నెండుకు తగ్గించినారు. ఆ కాలపువారికి పన్నెండు మైళ్ళే గరుడవేగం.

ఆ శనివారంనాడే మోటారుబండ్లవారు లండన్ నుండి బ్రైటన్‌కు విజయయాత్ర సాగించినారు. ఉదయం ఫలహారపు విందులో వించెల్సీ ప్రభువు ఎర్రజెండాను రెండుగా చించినాడు. బయట గాలి, వాన. బయలుదేరినవి ముప్పది మూడు బండ్లని, బ్రైటన్ చేరినవి పదునేడని ప్రసిద్ధమైన లెక్క. ముందుగా చేరినవారు ఫ్రాన్సునుండి తమ మూడు చక్రాల బండ్లతో వచ్చిన బొల్లే సోదరులని కొందరు. కాదు, వారికంటె చాల ముందుగా మా బండియే చేరినదని అమెరికా దేశపు డురియా వారు. తగవు ఇప్పటికీ తేలలేదు. చేరిన బండ్లలో ఒకటి అసలు రోడ్డున రానేలేదని, రైలులో వచ్చి, బ్రైటన్ పొలిమేరలో ఒళ్ళంతా బురద పూయించుకొని దర్జాగా ఊరు ప్రవేశించినదని ఒక వదంతి కూడ ఉన్నది. ఈ కథ చెప్పని మోటారు చరిత్రకారుడు లేడు. రుజువు చూపినవాడూ లేడు.

యాత్ర జరిపించిన హారీ లాసన్‌ను గురించి ఒక మాట. స్వాతంత్ర్యయాత్ర అని పేరు పెట్టినా ఆయన ఆశయం వ్యాపారమే. మోటారు పేటెంటులన్నీ కొనివేసి, ఇంగ్లండులో తయారయ్యే ప్రతి బండిపైనా కప్పం గైకొనవలెనని ఆయన ఎత్తు. ఆ ఎత్తు పారలేదు. 1904లో మోసపు నేరానికి జైలుకు పోయినాడు. పుణ్యకార్యాలు పుణ్యాత్ములవలననే జరుగవలెనన్న నియమం చరిత్రకు లేదు కాబోలు.

తరువాత ముప్పది ఏండ్లకు లోకం మారిపోయినది. కార్లు వేగవంతములు, సుఖవంతములు అయినవి. 1896 నాటి బండ్లు పశువులశాలలలోను, పాడుబడ్డ కొట్లలోను, కంచెలక్రింద ముళ్ళపొదలలోను చేరినవి. 1927లో ఒక దినపత్రిక ఆదరువున పాత యాత్రను తిరిగి జరిపించినప్పుడు త్రోవ పొడుగునా జనం నవ్వడానికే వచ్చినారు. ముసలి డొక్కుల పరుగు అని దానికి పేరు పెట్టినారు. ఆ పేరు నేటికీ పామరజనం నోట ఉన్నది; దానిని వింటే ఔత్సాహికులకు ఒళ్ళు మండుతుంది. 1930 నుండి యాత్ర నిర్వహణ రాయల్ ఆటోమొబైల్ క్లబ్ చేతికి వచ్చినది. ఆ ఏడాదే, యాత్ర ముగిసిన పిమ్మట, బ్రైటన్‌లోని ఓల్డ్ షిప్ హోటలులో ముగ్గురు మిత్రులు కూర్చుండి ఒక ఆలోచన చేసినారు. ఏడాదికొకసారి నవ్వులపాలయ్యేందుకు తప్ప ఈ బండ్లకు వేరే గౌరవం లేదా? వీటిని వెదకి, వీటి చరిత్ర వ్రాసి, వీటిని నడపడం తెలిసినవారి జ్ఞానాన్ని నిలుపుకొనే సంఘం ఒకటి ఎందుకుండరాదు? ఆ ముగ్గురిలో ఒకరు ఎస్.సి.హెచ్. డేవిస్. 1927లో ఫ్రాన్సు దేశపు లె మాన్ పట్టణంలో జరిగిన ఇరువదినాలుగు గంటల పందెంలో, దెబ్బతిన్న బెంట్లీ కారును చివరిదాక నడిపి గెలిచిన ఇద్దరిలో ఆయన ఒకరు. వేగానికి పేరుపొందినవాడే నిదానపు బండ్లకు సంఘం పెట్టడం గమనింపదగినది. అట్లు పుట్టినది వెటరన్ కార్ క్లబ్.

ఈ క్లబ్ చేసిన పనులలో మిక్కిలి విలువైనది బండ్ల కాలనిర్ణయం. తెలుగు సాహిత్యంతో పరిచయం ఉన్నవారికి ఈ మాట క్రొత్త కాదు. 1909లో మానవల్లి రామకృష్ణకవి కుమారసంభవాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని వాదించినది మొదలు పండితులు ఎన్ని కాగితాలు ఖర్చుచేసినారో ఎవరు లెక్కపెట్టగలరు? మోటారుబండ్ల విషయంలోను అంతే. తయారుచేసిన కంపెనీలు అనేకం పదేండ్లు నిండకుండానే మూతపడినవి. వాటి దస్తావేజులు నశించినవి. బండిమీద చెక్కిన ఛాసిస్ సంఖ్య ఒక సాక్ష్యం. ఇంజను సంఖ్య మరొకటి. కాని ఇంజను మార్చి ఉండవచ్చును. ఆనాటి కంపెనీ సూచీపత్రాలలోని బొమ్మలు, పత్రికా ప్రకటనలు, దీపాల తీరు, చక్రపు ఆకుల సంఖ్య, గేర్లపెట్టె బిగింపు - ఇవన్నీ అంతస్సాక్ష్యాలు. 1904 జనవరి 1వ తేదీనుండి బ్రిటన్‌లో బండ్లకు రిజిస్టరు సంఖ్యలు తప్పనిసరి అయినవి గనుక అది బహిస్సాక్ష్యం. ఇన్నింటిని సమన్వయించి, పెద్దలు ఒక సంవత్సరాన్ని నిర్ణయించి ధ్రువపత్రం ఇస్తారు.

ఈ నిర్ణయం ఒట్టి పాండిత్య వినోదం కాదు. 1904 డిసెంబరులో పుట్టిన బండికి బ్రైటన్ యాత్రలో ప్రవేశం ఉన్నది. 1905 జనవరిలో పుట్టిన దాని తమ్ముడికి లేదు. రెండూ ఒకే అచ్చులో పోసినవైనా సరే. ప్రవేశం ఉన్న బండికి వచ్చే వెల లేనిదానికి రాదు. అందువలన తన బండికి ఒక్క ఏడాది వయస్సు పెంచుకోవలెనని ఆరాటపడే యజమానులు లేకపోలేదు. లోకంలో వయస్సు దాచుకొనేవారే గాని పెంచుకొనేవారు ఇక్కడనే కనిపిస్తారు. పెద్దల నిర్ణయం తమకు ప్రతికూలమైతే స్నేహాలు చెడిన సందర్భాలు కూడ ఉన్నవట.

కాలం నిర్ణయమైన తరువాత ఇంకొక చిక్కు. బండి అంతా అసలుదేనా? చక్రాలు ఒక బండివి, ఇంజను మరొక బండిది, పైపెట్టె నిన్నటి వడ్రంగి చేసినది అయితే దానిని ఏ బండి అనవలె? బ్రౌను దొర కడపలో పండితులను చేర్చుకొని, ఒక్కొక్క కావ్యానికి పలుతావుల ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు చూపించి, పురుగు తిన్న చోటులను మరొక ప్రతితో పూరింపజేసినాడు. అట్లు చేయకుంటే ఎన్నో గ్రంథాలు దక్కేవి కావు. అయినా పూరణకు, ప్రక్షిప్తానికి నడుమ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న ఉండనే ఉన్నది. క్లబ్‌లోని ఛాందసులు రంగు పెచ్చులూడినా సరే, పాత రంగునే ఉంచవలెనంటారు. సరసులు బండి పుట్టిననాడు ఎట్లు మెరిసినదో అట్లే మెరవవలెనంటారు. మొదటివారి పక్షమే బలమైనదని తోస్తుంది. గోకివేసిన రంగు మరి రాదు. క్రొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చును.

ఔత్సాహికులు నలుగురు చేరితే జరిగే ప్రసంగం వినవలె. అది మన పండిత గోష్ఠికి తీసిపోదు. ఒకరు డి డియాన్ బుటాన్ ఇంజనును పొగడుతారు. ఒకే సిలిండరు; గుప్పెడంత యంత్రం. తక్కిన ఇంజనులు నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతున్న 1895లో అది పదిహేను వందలు దాటి తిరిగినది. కారణం నిప్పు పెట్టే పద్ధతి. ఇతరులు ప్లాటినం గొట్టాన్ని బయటినుండి దీపంతో ఎర్రగా కాల్చి దాని వేడితో పెట్రోలు ఆవిరిని మండించేవారు. గాలివాన వస్తే ఆ దీపం ఆరిపోయేది, బండి నిలిచేది. ఒక్కొక్కప్పుడు దీపం బండినే అంటుకొనేది. డి డియాన్ వారు బ్యాటరీతో విద్యుత్తు రవ్వ పుట్టించి ఆ పీడ వదల్చుకొన్నారు. అందుకే అనేక కంపెనీలవారు ఆ చిన్న ఇంజనునే కొని తమ బండ్లకు అమర్చుకొన్నారు.

మరొకరు లాంచెస్టర్‌ను తలచుకొని కన్నులు మూసుకొంటారు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇతరుల బండ్లను చూచి నకలు చేసినవాడు కాడు. ప్రతి అంగాన్నీ మూలసూత్రం నుండి ఆలోచించి తీర్చినవాడు. రెండు సిలిండర్ల ఇంజనులో రెండు ఇరుసులను ఎదురు దిక్కులకు తిరిగేట్లు చేసి, ఒకదాని కుదుపును రెండవది మ్రింగివేసేట్లు కూర్చినాడు. దానికి సాటి వచ్చే నిశ్చలత ఆనాడు మరెక్కడా లేదు. మన బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ కవి మొదట ఆవిరి కారు కొని, దానితో పడరాని పాట్లు పడి, 1902లో లాంచెస్టర్‌కు మారినాడు. అదియు ఆయనను దారిలో నిలబెట్టకపోలేదు. అయినా ఆయన మోటారును విడువలేదు. పూర్వకవులు మోటారు కాలంలో పుట్టి ఉంటే ఏమని వ్రాసేవారో ఊహించి, ఒక్కొక్కరి శైలిని అనుకరిస్తూ 1904లో ఒక పద్యావళిని పత్రికలో ప్రకటించినాడు. కాలేజీ విద్యార్థులు ఈ ప్రయోగాన్ని తెలుగు కవుల విషయంలో చేసి చూడవచ్చును.

నడిపే విద్య గురించిన ముచ్చట్లకు అంతు లేదు. ఇంజను ముందు హ్యాండిలు త్రిప్పేటప్పుడు బొటనవ్రేలును తక్కిన వ్రేళ్ళప్రక్కనే ఉంచవలె. చుట్టి పట్టుకొంటే ఇంజను ఎదురుతన్ని మణికట్టు విరుగుతుంది. తోలు తొడిగిన క్లచ్చి జారుతున్నదా? చిటికెడు ముల్తానీమట్టి చల్లవలె. మరీ బిగుసుకొని గుంజుతున్నదా? తోలుకు నూనె పట్టించవలె. మన స్త్రీలు మొగానికి పూసుకొనే ముల్తానీమట్టి ఆ దేశపు మోటారు వైద్యంలో మూలిక! ఎత్తు ఎక్కేటప్పుడు బ్రేకును నమ్మేందుకు వీలులేదు. కొన్ని బండ్లకు వెనుక ఇరుసునుండి ఒక ఇనుప ఊతకర్ర వ్రేలాడుతుంది. ఎత్తుదారిలో దానిని నేలకు జారవిడిస్తే, బండి వెనుకకు జారబోయినప్పుడు ఆ కర్ర భూమిలో నాటుకొని ఆపుతుంది. మన రథోత్సవాలలో చక్రం క్రింద మొద్దు వేసేవాని పనిని ఈ కర్ర చేస్తుందన్నమాట. ఎత్తు మరీ నిటారైతే ప్రయాణికులు దిగి తోయడమే. బ్రైటన్ దారిలో అట్లు తోసిన అనుభవం లేని ఔత్సాహికుని మాటకు క్లబ్‌లో విలువ తక్కువ.

ఇవేవీ గ్రంథాలలో పూర్తిగా లేవు. ఏ బండి ఏ చలికి ఎట్లు మొరాయిస్తుందో, ఏ చప్పుడు ప్రమాదమో ఏది స్వభావమో చేతికే తెలుసు. చేతినుండి చేతికే పోతుంది. కనుక ఈ గోష్ఠులను కాలక్షేపమని కొట్టివేయరాదు. మ్యూజియంలో అద్దం వెనుక నిలిపిన బండి రూపాన్ని చూపగలదు గాని దాని నడక చెప్పలేదు.

1934లో మరొక సంఘం పుట్టినది - వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్. దీని స్థాపకులు యువకులు, పెద్ద ధనవంతులు కారు. తమ కండ్ల ఎదుట మోటారు పరిశ్రమ చవుకబారు సామూహికోత్పత్తికి దిగిపోయినదని వారి ఫిర్యాదు. చేతిపనితనం గల కార్లు 1930తో ముగిసినవని గీత గీసినారు. 1919 నుండి 1930 వరకు పుట్టినవి వింటేజ్. 1905 నుండి 1918 వరకు ఎడ్వర్డియన్. అంతకు ముందువి వెటరన్. నేడు మన పత్రికలవారు ప్రతి పాత కారునూ వింటేజ్ అనివేస్తారు. ఆ పదం వెనుక ఇంత తర్కం ఉన్నదని వారికి తెలియదు. గమనింపదగినదేమంటే, ఆ యువకులు గీత గీసేనాటికి వారి వింటేజ్ కార్లలో కొన్నింటికి నాలుగేండ్ల వయస్సే. సెకండుహ్యాండు బజారులో కొద్ది పౌండ్లకే దొరికేవి. పాతవని కాదు, మంచివని వారు వాటిని ఎన్నుకొన్నారు.

అంతలో యుద్ధం వచ్చినది. 1939 నుండి 1945 వరకు బ్రైటన్ యాత్ర లేదు. పెట్రోలు కరువువలన 1947లోను లేదు. యుద్ధపరిశ్రమలకు ఇనుము కావలసివచ్చి ఇంటింటా పాత సామాను పోగుచేసిన ఆ రోజులలో ఎన్ని అపూర్వమైన బండ్లు కొలిమికి ఆహుతైనవో! మిగిలినవాటిలో కొన్ని కేవలం ఒక్క మనిషి పట్టుదలవలన మిగిలినవి. ఎట్టొర్ బుగాట్టి తయారుచేసిన రాయల్ అనే మహాకారు కథ ఇట్టిదే. రాజులకొరకని దాదాపు పదమూడు లీటర్ల ఇంజనుతో నిర్మించిన ఆ కార్లు మొత్తం ఆరే. ఆర్థిక మాంద్యపు రోజులలో ఆరింటిలో మూడే అమ్ముడుపోయినవి. కొన్నవారిలో రాజు ఒక్కడూ లేడు. ఆ మూడింటిలో ఒకటి అమెరికా చేరి, చలికాలంలో నీరు గడ్డకట్టి ఇంజను పగిలి, న్యూయార్కులో పాత ఇనుప కొట్టుకు పోయినది. చార్లెస్ చేన్ అనే మోటారు ఇంజనీరు యుద్ధకాలంలో దానిని సుమారు నాలుగు వందల డాలర్లకు కొని, బాగుచేసి, చివరకు హెన్రీ ఫోర్డు మ్యూజియానికి అప్పగించినాడు. ఆరు కార్లూ నేటికి ఉన్నవి. ఇట్టి అదృష్టం ఎక్కువ కార్లకు పట్టలేదు.

జనం నవ్వు ప్రేమగా మారినది ఒక సినిమావలన. 1953లో హెన్రీ కార్నీలియస్ దర్శకత్వాన 'జెనవీవ్' విడుదలైనది. బ్రైటన్ యాత్రకు పోయిన ఇద్దరు మిత్రులు తిరుగుదారిలో పంతం పడతారు - వెస్ట్‌మినిస్టర్ వంతెన ఎవరు ముందు చేరుతారో చూతమని. ఒకరిది 1904 నాటి డారక్, దాని పేరే జెనవీవ్. రెండవవారిది హాలండు దేశపు స్పైకర్. భార్యలకు చలి, ఆకలి, విసుగు. భర్తలకు బండియే లోకం. చివరకు స్పైకర్ చక్రాలు ట్రాము పట్టాలలో చిక్కుకొని ఎటో పోతుంది; బ్రేకు వదులైన జెనవీవ్ నడిపేవాడు లేకుండానే వంతెనమీదికి దొర్లుతుంది. ఆ పాత్ర ధరించిన జాన్ గ్రెగ్సన్‌కు చిత్రీకరణ మొదలైననాటికి మోటారు నడపడమే రాదట! కథ స్వల్పం. కాని పాత బండి అంటే తుప్పు కాదు, ఒక కుటుంబ సభ్యుడు అనే భావాన్ని అది ఇంటింటికీ చేర్చినది. ఆ డారక్ తరువాత న్యూజీలాండుకు, ఆస్ట్రేలియాకు పోయి, 1990 తరువాత తిరిగి ఇంగ్లండు చేరి, పిమ్మట హాలండులోని హేగ్ నగరపు లౌమన్ మ్యూజియానికి చేరినది. స్పైకర్ కూడ అక్కడనే ఉన్నది. తెరమీద పోటీపడిన రెండు బండ్లు ఒకే కప్పు క్రింద వృద్ధాప్యం గడుపుతున్నవి.

మన దేశంలో ఈ అభిమానం ఆలస్యంగా రూపు కట్టినది. స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో పాత కార్ల ఊరేగింపు ప్రారంభించినారు. సంస్థానాల రోజులలో వచ్చిన కార్లకు కొదువ లేదు. హైదరాబాదులోనే ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ వారికి ఒక కారు తయారుచేయమని చెప్పి, అది రాకముందే 1911లో కాలధర్మం చెందినాడు. 1912లో నిర్మించిన ఆ పసుపుపచ్చని సిల్వర్ గోస్ట్ కారులో వెనుక ఆసనం సింహాసనంవలె ఎత్తుగా ఉంటుంది, పైకప్పు గుమ్మటం. ఏడవ నిజాం కాలంలోను అది నడచిన దూరం నాలుగు వందల మైళ్ళు నిండలేదని చెప్పుదురు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. రోల్స్ రాయిస్ పేరెత్తితే మనవారు తప్పక చెప్పే కథ మరొకటి - లండన్ దుకాణంలో అవమానం పొందిన మహారాజు కసితో ఆ కార్లు కొని, ఊరి చెత్త ఎత్తించినాడని. ఒకరు అల్వారు రాజంటారు, ఒకరు పటియాలా అంటారు, మన ఊళ్ళలో నిజాం అంటారు. ఇంతమంది నాయకులున్న కథకు సాక్ష్యం ఒక్కటీ లేదు. చరిత్ర బోధించే ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చెప్పదలిస్తే, వదంతి ఎట్లు పెరుగుతుందో చూపడానికి చెప్పవచ్చును.

కొద్ది పౌండ్లకు దొరికిన బండ్ల వెలలు ఇప్పుడు ఆకాశాన్నంటినవి. 1884లో ఫ్రాన్సులో తయారై, 'లా మార్కీజ్' అనే ముద్దుపేరుతో బ్రైటన్ యాత్రలోను పాల్గొన్న ఆవిరి బండి 2011లో అమెరికా వేలంపాటలో 46 లక్షల డాలర్లు పలికినది. ధర పెరిగితే రక్షణ పెరుగుతుందన్నది నిజమే. కాని వర్షంలో బురదదారిన తోసుకొంటూ పోయే బండి వేరు, ఇనుప పెట్టెలో దాచిన పెట్టుబడి వేరు. ధనవంతులు కాని ఉపాధ్యాయులు, మెకానిక్కులు, గుమాస్తాలు తమ షెడ్లలో రాత్రులు మేల్కొని రక్షించిన బండ్లు ఒకనాటికి అటువంటివారే ముట్టుకోలేని వస్తువులుగా మారినవి. ఆ తరంవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పెట్రోలు కూడ మారినది. 2021 నుండి బ్రిటన్‌లో పదిపాళ్ళు ఎథనాలు కలిసిన పెట్రోలే సాధారణమై, పాత గొట్టాలను, బిరడాలను తినివేస్తున్నది. ఇంజను తీసివేసి విద్యుత్తు మోటారు పెట్టించుకొనేవారు కొందరున్నారు. క్లబ్బులలోని పెద్దలకు అది రుచించదు. 1896 యాత్రలోనే వాల్టర్ బెర్సీ విద్యుత్తు బండి ఉన్నదని, మరుసటి ఏడు ఆయన లండన్ వీధులలో విద్యుత్తు టాక్సీలు నడిపి, 1899 నాటికి మూసివేసినాడని వారికి ఎవరైనా జ్ఞాపకం చేస్తే, ఆ బెర్సీ బండి బెర్సీ మోటారుతోనే నడువనీ, డారక్ డారక్ ఇంజనుతోనే నడువనీ అని వారి సమాధానం.

ఆక్స్‌ఫర్డ్‌కు సమీపాన బైస్టర్ అనే చోట పూర్వం యుద్ధవిమానాలుండిన స్థావరంలో ఇప్పుడు పాత కార్ల కార్ఖానాలు వెలసినవి. అక్కడ పదునెనిమిది, ఇరవై ఏండ్ల పిల్లలు ఈ విద్య నేర్చుకొంటున్నారు. ఇరుసు తిరిగే చోట నేటి కార్లలో తయారుగా దొరికే బేరింగును బిగిస్తారు. పాత బండికి అది కుదరదు. తగరం కలిసిన తెల్లలోహాన్ని కరగించి, అచ్చులో పోసి, చల్లారిన తరువాత ఇరుసుకు నీలిరంగు పూసి త్రిప్పి, రంగు అంటిన మిట్టలను చేతి ఉలితో వెంట్రుకవాసి చొప్పున గీకుతూ పోవలె. మరల పూయడం, మరల త్రిప్పడం, మరల గీకడం. రంగు అంతటా సమంగా అంటేవరకు ఈ పని సాగుతూనే ఉంటుంది.